చెరువు నీరు, కాలువ ఇసుక

విజ్జేశ్వరము వద్ద గోదావరినుండి విడివడి పశ్చిమ డెల్టాను తడుపుచు పోవు కాలువయు, చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు పెద్ద రైలుమార్గమును, దానినుండి చీలి భీమవరము మీదుగా నరసాపురము వైపు దిగిపోవు చిన్న మార్గమును ఒక్క ఊరిలో కలిసికొనుటవలన, నిడదవోలు చూడవచ్చినవానికి నీరును ఇనుమును ఎల్లప్పుడు ప్రక్కప్రక్కనే కనబడుచుండును. పూర్వము నిరవద్యపురమను పేర చాళుక్యుల యేలుబడిలో నుండి, రాణి రుద్రమదేవికి అత్తవారి ఊరైన యీ పట్టణము మొన్నమొన్నటివరకు పశ్చిమ గోదావరి జిల్లాలో నుండి, 2022లో తూర్పు గోదావరిలో చేరినది. జిల్లా మారినను ఎండ మాత్రము మారలేదు.

ఏప్రిలు నెలలో దాళ్వా అను రెండవ పంట కోతలు ముగియు వేళకు డెల్టా కాలువలు కట్టివేయుదురు. పూడిక తీయుటకును, గట్లు బాగుచేయుటకును, లాకుల తలుపులు సరిచూచుకొనుటకును అదే అదను. మరల జూను నెల వచ్చువరకు నీరు వదలరు. ఈ సంగతి యెరిగినవారు గనుకనే ఊరూర జనులు కాలువ కట్టకముందే మంచినీళ్ల చెరువు నింపుకొని నిశ్చింతగా కూర్చుందురు. మే నెల నడిమధ్యాహ్నమున, పడమటినుండి వడగాలి వీచుచున్న వేళ, నీరింకిన కాలువలోనికి దిగి చెప్పులు లేని కాలు ఇసుకపై మోపి చూడుడు. రెండవ అడుగు వేయ మనసొప్పదు. స్టేషను ఆవల రైలుపట్టాపై వేలు మోపినచో చురుక్కుమనును. ఆ యెండలో పట్టా 60 డిగ్రీలు దాటుట వింత కాదు. అందుచేతనే వేసవిలో పట్టాల వేడిని కొలుచుటకు రైల్వేవారు ప్రత్యేకముగా ఉష్ణమాపకములనుంచి, హద్దు మీరిన దినములలో మార్గము వెంబడి గస్తీ తిప్పుచుందురు. అదే క్షణమున చెరువు రేవులో నడుము లోతున దిగినవానికి ప్రాణము లేచివచ్చును. ఎండ యొక్కటే, ఊరొక్కటే, గడియయు నొక్కటే. ఇసుకను కాల్చి ఇనుమును చురుక్కుమనిపించిన సూర్యుడు నీటియెడల పక్షపాతము చూపెనా?

చూపలేదు. చూపినాడనుకొన్నను ఆ పక్షపాతము మనమనుకొనునట్టిది కాదు. నడినెత్తిని సూర్యుడున్నప్పుడు చెరువు నీరు తనపై బడిన యెండలో నూటికి 90 పాళ్లకు మించి లోనికి పుచ్చుకొనును. పొడి యిసుక యించుమించు మూడవ వంతును మింటివైపునకే తిప్పి పంపివేయును. అనగా ఎక్కువ పుచ్చుకొన్నది నీరు, ఎక్కువ కాలినది ఇసుక. ఈ రెండు మాటలు ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చూచినచో, ఒక వస్తువు గ్రహించిన ఉష్ణము వేఱు, దాని మేన మనకు తెలియు ఉష్ణోగ్రత వేఱు అని యొప్పుకొనక తప్పదు. భౌతికశాస్త్రములోని ఉష్ణప్రకరణమంతయు ఈ భేదము పైననే నిలిచియున్నది. పరీక్షలలో తప్పిపోవు విద్యార్థులలో పలువురు తప్పునదియు ఇక్కడనే.

సన్నని యిత్తడి చెంబొకటియు, వెడల్పాటి గంగాళమొకటియు ముందుంచుకొని రెంటిలోను ఒక్కొక్క గిద్దెడు నీరు పోసినచో, చెంబులో మట్టము బాగుగా లేచును. గంగాళములో అడుగు తడియుట తప్ప మరేమియు కనబడదు. పోసిన నీటివంటిది ఉష్ణము. లేచిన మట్టమువంటిది ఉష్ణోగ్రత. పాత్ర వెడల్పువంటిది ఆ వస్తువునకు గల ఉష్ణధారణశక్తి. ఉష్ణమాపకము మట్టమును మాత్రమే చెప్పగలదు. లోపల నెంత యున్నదో తెలియవలెనన్నచో పాత్ర వెడల్పు కూడ తెలిసియుండవలెను. ఆ వెడల్పును పదార్థమునకొక్కింటికి లెక్కగట్టి చెప్పినచో దానినే విశిష్టోష్ణ మందురు: ఒక గ్రాము పదార్థమును ఒక సెంటీగ్రేడు డిగ్రీ వెచ్చచేయుటకు కావలసిన ఉష్ణమన్నమాట.

నీటి విశిష్టోష్ణమును 1 కెలోరీగా పెట్టుకొని కొలమానము తయారుచేసిరి గావున తక్కిన పదార్థములన్నియు దానితో పోల్చబడినవే. అల్యూమినియమునకు 0.21, పొడి యిసుకకు సుమారు 0.19, ఇనుమునకు 0.11, రాగికి 0.09, వెండికి 0.056, పాదరసమునకు 0.033, బంగారమునకును సీసమునకును 0.031. ఇప్పటి పాఠ్యగ్రంథములలో కెలోరీకి బదులు జౌలును వాడుచున్నారు. ఆ లెక్కను కిలోగ్రాము నీటికి డిగ్రీకి 4,186 జౌళ్లు. ఏ కొలతతో చెప్పినను వరుస మారదు: లోహములలో బరువైనవి అడుగునను, నీరు వానికెల్ల పైనను ఉండును. ద్రవరూపమున నున్న అమోనియా, హైడ్రోజను వాయువు వంటివి నీటిని మించినవి లేకపోలేదు గాని, మన యింటను వాకిటను పొలమునను ఎదురగు పదార్థములలో నీటికి సాటివచ్చునది లేదు.

అంకెలు చదివి ఊరకున్నచో మనసున నాటవు. రైలుపట్టానే తీసికొందము. పెద్ద మార్గములలో వేయు బరువైన పట్టా మీటరునకు 60 కిలోలు తూగును. ఇద్దరు మనుష్యులు కలిసి యెత్తినను సులువుగా లేవదు. అంతటి యినుమును ఒక డిగ్రీ వెచ్చచేయుటకు పట్టు ఉష్ణమెంత? 60ని 0.11తో హెచ్చవేయగా 6.6 కిలోకెలోరీలు. అనగా ఆరున్నర లీటర్ల నీటిని వెచ్చచేయుటకు పట్టునంత. ఒక ఆడుబిడ్డ చంకనెత్తుకొని చెరువునుండి తెచ్చుకొను బిందెలో సగము నీరు, ఇద్దరు మగవారు కష్టముతో ఎత్తు యినుముతో ఈ విషయమున సరితూగుచున్నది.

ఈ సంగతిని మొదట కనిపెట్టినవారెవరు? పదునెనిమిదవ శతాబ్ది నడుమ వరకు యూరపు పండితులకు ఇది తెలియదు. ఒకే యెత్తు పాత్రలలో పోసిన వేర్వేఱు ద్రవములు ఒకే ఘనపరిమాణము గలవైనచో ఒకే యుష్ణమును పుచ్చుకొనునని కొందరును, బరువును బట్టి పుచ్చుకొనునని కొందరును తలచుచుండిరి. లైడెను నగరములో వైద్యాచార్యుడైన బోయర్‌హావె కోరగా, ఉష్ణమాపకముల తయారీలో ప్రసిద్ధుడైన ఫారెన్‌హీటు నీటిని పాదరసముతో కలిపి పరీక్షించెను. ఆ పరీక్షాఫలములను తరువాతి తరమువాడైన జోసెఫ్ బ్లాకు గ్లాస్గో విశ్వవిద్యాలయములో 1760 ప్రాంతమున పరిశీలించి, అందు అందరు చూచియు చూడని సంగతి నొకదానిని పట్టుకొనెను.

బ్లాకు తన శిష్యులకు చెప్పిన లెక్క యిట్టిది. ఫారెన్‌హీటు కొలతను 100 డిగ్రీల వేడిగల నీటిలో, అంతే ఘనపరిమాణముగల పాదరసమును 150 డిగ్రీలకు కాచి పోయుదమనుకొనుడు. రెండును ఉష్ణము నొకే విధముగా పట్టునవైనచో మిశ్రమము సరిగా నడుమ 125 వద్ద నిలువవలెను. కాని అది 120 వద్దనే నిలిచినది. పాదరసము 30 డిగ్రీలు దిగి, నీటిని 20 డిగ్రీలు మాత్రమే పైకెత్తగలిగినది. బరువు సంగతి చూచినచో ఇది మరింత విడ్డూరము, ఏలయనగా పాదరసము నీటికి పదుమూడున్నర రెట్లు బరువు. అంత బరువైనది అంత తేలికైన దానికి లొంగిపోయినది. నేటి సూక్ష్మమైన కొలతల ప్రకారము ఆ మిశ్రమము 115, 116 డిగ్రీలకే నిలువవలెను. అనగా పాదరసము బ్లాకు తలచినదానికంటెను పేదది. అంకె కొంత తప్పైనను ఊహ తప్పు కాలేదు. పదార్థములకు వానివాని స్వభావమును బట్టి ఉష్ణమును పట్టుకొను శక్తి వేర్వేఱుగా నుండునని అప్పటికి నిశ్చయమైనది. ఇదే విషయమును స్వీడను దేశస్థుడు విల్కె స్వతంత్రముగా శోధించి 1781లో ప్రకటించెను. బ్లాకు మాత్రము తాను కనిపెట్టినదానిని పుస్తకముగా వ్రాయలేదు. 1799లో ఆయన పోయిన తరువాత శిష్యుడు రాబిసను ఆ పాఠములను కూర్చి 1803లో అచ్చువేయించెను. చదువు చెప్పుటయే పనిగా పెట్టుకొని కీర్తిని ప్రక్కకు నెట్టిన యిట్టివారు ఏ దేశముననైనను అరుదు.

ఆ విశ్వవిద్యాలయములోనే పరికరములు బాగుచేయు పనిలో నున్న జేమ్సు వాటు బ్లాకునకు స్నేహితుడు. నీటిని కాచుటకును, కాగిన నీటిని ఆవిరిచేయుటకును ఎంతెంత ఉష్ణము ఖర్చగునో ఆయనకు తెలిసికొనవలసిన యవసరమున్నది, ఏలయనగా అప్పటి ఆవిరియంత్రములు బొగ్గును వృథాగా తినివేయుచుండెను. 30 డిగ్రీల నీటిని 100 డిగ్రీల వరకు తెచ్చుటకు గ్రాముకు 70 కెలోరీలు చాలును. ఆ నీటినే ఆవిరిగా మార్చుటకు మరి 540 కావలెను. ఒక కాలమున నిడదవోలు జంక్షనులో పొగయింజనుల కడుపులోనికి నీరు పట్టించినప్పుడెల్ల జరిగిన లెక్క యిదియే.

ఇంతకును ఇది యింట నెక్కడ కనబడును? పొయ్యిమీది బాణలిలోనే కనబడును. ఒక కిలో నీటిని, ఒక కిలో నువ్వులనూనెను వేర్వేఱు పొయ్యిలపై సమానమైన మంటపై పెట్టినచో, నూనె యించుమించు రెట్టింపు వేగముతో వేడెక్కును. దాని విశిష్టోష్ణము నీటిదానిలో సగమునకు కొంచెము తక్కువ. కొత్తగా కాపురమునకు వచ్చిన కోడలు నూనె కాగినదో లేదో తెలియక మాడ్చివేయుటకు కారణము ఆమె అజాగ్రత్త యని అత్తగారనుకొనవచ్చును. నూనె స్వభావము కూడ కొంత యున్నదని శాస్త్రము సాక్ష్యము చెప్పును. ఆ నూనెలోనే వేసి తీసిన పూర్ణపుబూరెను చూడుడు. మినపపిండి పొర చేతికి గోరువెచ్చగా తగులుచుండగా, నమ్మి కొరికినవాని నాలుక పూర్ణము తగిలి బొబ్బలెక్కును. పై పొర గాలికి తగులుచుండుట యొక కారణము. కాగి పొడిబారిన పొరలో నీరు తక్కువయై, పప్పును బెల్లమును కలిసిన పూర్ణములో తడి ఎక్కువై, డిగ్రీకి ఎక్కువ ఉష్ణమును దాచుకొనుట రెండవది. గోదావరి జిల్లాలలో పెండ్లిపందిట బూరెను విఱిచి, నడుమ నెయ్యి పోసికొని, కొంత తడవాగి తినుమని పెద్దలు చెప్పుట రుచికొఱకే యని యనుకొనుచుంటిమి.

నడుము నొప్పికి కాపడము పెట్టుట యందరికి తెలిసినదే. ఇటుక కాచి గుడ్డలో చుట్టి పెట్టువారు కలరు. ఉప్పు మూటగట్టి పెట్టువారు కలరు. రబ్బరుసంచిలో వేడినీరు పోసి పెట్టువారు కలరు. ఒకే బరువు, ఒకే వేడిమి గలవానిలో ఇటుకయు ఉప్పును నీటిదానిలో అయిదవ వంతు ఉష్ణమును మాత్రమే తెచ్చును గావున త్వరగా చల్లారును. నీటిసంచి గంటసేపు నిలుచును. ఇక వేసవిలో కూజానీరు చల్లబడుట మాత్రము విశిష్టోష్ణము వలన కాదని చెప్పవలసియున్నది. అది మట్టిగోడల సన్నని రంధ్రములగుండ చెమర్చిన నీరు ఆవిరియగుచు తనతో ఉష్ణమును తీసికొనిపోవుటవలన జరుగునది. ఈ రెంటిని కలగలుపుట మన పత్రికలలో తఱచు జరుగుచున్నది.

మరల చెరువునొద్దకు వత్తము. నీటికి విశిష్టోష్ణమెక్కువ గనుక చల్లగా నున్నది, ఇసుకకు తక్కువ గనుక కాలినది అని చెప్పి పాఠ్యపుస్తకములు చాలవఱకు అక్కడితో ఊరకుండును. ఆ సమాధానము నిజమే గాని సంపూర్ణము కాదు. గ్రాముకు గ్రాము చూచినచో ఇసుక నీటిలో అయిదవ వంతు. కాని ఒక ఘనపు మీటరు ఇసుక 1,600 కిలోలు తూగును గావున ఘనపరిమాణమును బట్టి చూచినచో ఆ తేడా మూడింతలకు దిగిపోవును. ఇనుము సంగతి యింకను వింత: దాని బరువు నీటికి ఎనిమిది రెట్లకు చేరువగుటచేత, ఒక లీటరు చోటులో పట్టు ఇనుము, లీటరు నీరు పట్టు ఉష్ణములో నూటికి 86 పాళ్లు పట్టగలదు. అట్లైనచో పట్టా యేల కాలినది? అది సన్నని కడ్డీ యగుటచేత. మీటరు పట్టాలో నున్న యినుమంతయు కలిపి ఎనిమిది లీటర్ల చోటైనను ఆక్రమింపదు. ఆ కొంచెములోను ఎండ పైనను ప్రక్కలను తగిలి, ఆ వేడి త్వరగా లోనంతట వ్యాపించును.

చెరువునకు విశిష్టోష్ణముతోపాటు మరి మూడు బలములున్నవి. మొదటిది లోతు. మే నెలలో మన ప్రాంతమున చదరపు మీటరు నేలపై ఒక్కదినమున బడు ఎండలోని ఉష్ణము సుమారు 5,000 కిలోకెలోరీలు. రెండు మీటర్ల లోతుగల చెరువులో ప్రతి చదరపు మీటరు క్రిందను 2,000 కిలోల నీరుండును గావున, ఆ యుష్ణమునంతయు పుచ్చుకొని చుక్కైనను బయటికి పోనీకున్నను, దినమునకు రెండున్నర డిగ్రీలకు మించి వేడెక్కదు. ఇసుకలో ఎండ వేడి దినములో జానెడు లోతునకైనను సరిగా దిగదు; పైనున్న పది సెంటీమీటర్ల పొరయే భారమంతయు మోయవలెను. ఆ పొరను ఒక డిగ్రీ వెచ్చచేయుటకు 30 కిలోకెలోరీలు చాలును. రెండవది కలయిక: గాలికి అలలు లేచి పైనీరు క్రిందికి, క్రిందినీరు పైకి పోవుచుండును, ఇసుకరేణువు ఉన్నచోటనే యుండి కాలును. మూడవది ఆవిరి. మండువేసవిలో చెరువు మట్టము దినమునకు అయిదారు మిల్లీమీటర్లు తగ్గుట సామాన్యము. చదరపు మీటరునకు ఒక మిల్లీమీటరు నీరు ఆవిరియైనచో 580 కిలోకెలోరీలు దానితో పోవును. అయిదు మిల్లీమీటర్లనగా దాదాపు 3,000. దినమంతయు వచ్చిన యెండలో సగమునకు పైబడి ఆ త్రోవనే వెళ్లిపోవుచున్నది. కావున చెరువు చల్లదనమునకు కీర్తి నంతటిని విశిష్టోష్ణమునకే కట్టబెట్టుట న్యాయము కాదు. నలుగురు మోసిన పల్లకికి ఒక్కనికే కూలి ఇచ్చినట్లగును.

అయితే విశిష్టోష్ణము తన బలమును మరింత స్పష్టముగా చూపు సమయములు వేఱుగ నున్నవి. అవి వేసవిలో కంటె చలికాలమున బాగుగా తెలియును. సార్వా పంట కోసిన తరువాత దాళ్వాకు నారుమడి పోయునది డిసెంబరులో. ఆ నెలలో మంచు కురిసి, తెల్లవారుజామున చలి ముదిరినచో నారు ఎదుగక పసుపువన్నెకు తిరుగును. అట్టి దినములలో రైతులు నారుమడిలో రాత్రి నిలిచి చల్లబడిన నీటిని ఉదయమున తీసివేసి, కాలువనుండి కొత్తనీరు పెట్టుదురు. వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పు సలహాయు నిదే. నిడదవోలుకు దక్షిణముగా మారుటేరులో 1925 నుండి వరి పరిశోధనాస్థానమున్నది. డెల్టా రైతునకు ఆ పేరు తెలియనిది కాదు. కాలువలో లోతుగా పారు నీరు రాత్రియంతయు చలిలో నున్నను డిగ్రీయో రెండు డిగ్రీలో దిగును గాని, మడిలో నాలుగు వ్రేళ్ల లోతున నిలిచిన నీటివలె దిగిపోదు. ఆ కొత్తనీరు తనలోని ఉష్ణమును నారు వేళ్లకును, ఆకుల నడుమనున్న గాలికిని పంచిపెట్టును. గాలికి పంచుటలో నీటి యౌదార్యమెంతటిదో చూడుడు: ఒక ఘనపు మీటరు నీరు ఒక్క డిగ్రీ చల్లబడినచో, 3,000 ఘనపు మీటర్లకు మించిన గాలిని ఒక డిగ్రీ వెచ్చచేయగలదు. బరువును బట్టి చూచినచో గాలి విశిష్టోష్ణము 0.24 అయినను, ఘనపు మీటరు గాలి కిలోకు కొంచెము మించి మాత్రమే తూగుట యిందులకు కారణము.

సముద్రము చేయునదియు పెద్ద యెత్తున ఇదే. పగలు నేల త్వరగా వేడెక్కి దానిపై గాలి తేలికయై లేవగా, నరసాపురము, పేరుపాలెము తీరమునుండి చల్లగాలి లోనికి వీచును. నిడదవోలు తీరమునకు యేబది కిలోమీటర్ల దూరములో నున్నందున సాయంకాలమునకు ఆ గాలి వచ్చిన దినమున ఊరు ఊరటచెందును. పడమటి వడగాలి బలముగా నున్న దినమున అది త్రోవలోనే ఆగిపోవును. ఆ దినములే ప్రమాదకరములు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశములోనే వేయిమందికి పైగా మరణించిరి.

మనుష్యదేహములో చాలవఱకు నీరే గావున దేహపు విశిష్టోష్ణము 0.83. 60 కిలోల మనుష్యుని ఒక డిగ్రీ వెచ్చచేయుటకు 50 కిలోకెలోరీలు కావలెను. ఊరక కూర్చున్నను దేహము గంటకు 60, 70 కిలోకెలోరీల ఉష్ణమును పుట్టించుచునే యుండును. బయటిగాలి ఒంటివేడిని మించి, చెమట ఆరుటకు వీలులేక, ఆ యుష్ణము బయటికి పోవు త్రోవలన్నియు మూతపడినచో గంటకు డిగ్రీకి పైగా జ్వరమెక్కును. మూడు నాలుగు గంటలలో ప్రాణాపాయము. ఇనుమువంటి ఒళ్లు కావలెనని యువకులు కోరుకొనుట విందుము. నిజముగా మన ఒళ్లు ఇనుమైనచో అదే లెక్కను గంటకు పది డిగ్రీలు కాగిపోవుదుము. నీటి ఒళ్లే మేలు. దానికి వలయునదల్లా నీడయు, త్రాగనీరును, చెమటనార్చు గాలియు. ఒక గ్రాము చెమట ఆరినచో 580 కెలోరీలను తీసికొనిపోవును గనుక, వడదెబ్బ తగిలినవానికి తడిగుడ్డతో ఒళ్లు తుడిచి విసనకఱ్ఱతో విసరుట ఉత్త ఉపచారము కాదు, వైద్యమే.

పదార్థమునకొక విధముగా ఈ శక్తి యేల యుండవలెను? 1819లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు డూలాంగు, పెటీలు లోహముల విశిష్టోష్ణములను వాని పరమాణుభారములతో హెచ్చవేసి చూడగా, ప్రతిసారియు 6కు దగ్గఱగనే వచ్చినది. ఇనుమునకు 6.1, రాగికి 5.8, బంగారమునకు 6.1, సీసమునకు 6.4. అనగా ఉష్ణము బరువును చూచుట లేదు, పరమాణువుల లెక్కను చూచుచున్నది. పరమాణువొక్కింటికి ఇంత యని సమానముగా పంచిపెట్టుచున్నది. బంగారపు పరమాణువు బరువైనది గనుక ఒక గ్రాములో వాని సంఖ్య తక్కువ. అందుచే దాని విశిష్టోష్ణము తక్కువ. ఈ నియమమునకు వజ్రము ఎదురుతిరిగినది: దాని లెక్క 6కు బదులు ఒకటిన్నర కూడ రాలేదు. ఈ చిక్కును 1907లో ఐన్‌స్టీను విప్పెను. పరమాణువుల కంపనము శక్తిని ఎడతెగని ధారగా గాక నిర్ణీతమైన మూటలుగా మాత్రమే పుచ్చుకొనుననియు, తేలికయు బిగువును గల వజ్రపు పరమాణువులకు ఆ మూట పెద్దదగుటచే సామాన్యమైన వేడిలో అది లభింపదనియు ఆయన చెప్పెను.

స్ఫటికములలో పరమాణువులు ఎన్ని విధముల కంపించునో గణించుట తరువాతి కాలమున గొప్ప విద్య యైనది. అందులో తెలుగువాని చేయి యున్నది. నాటి కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించి, రామను గారి శిష్యుడై, ఆంధ్రవిశ్వవిద్యాలయములో ఆచార్యుడైన సూరి భగవంతము గారును, వెంకటరాయుడు గారును కలిసి 1939లో ఆ గణనకొక పద్ధతిని ఏర్పఱచిరి. 1948లో ఆంధ్రవిశ్వవిద్యాలయము ప్రకటించిన వారి గ్రంథమును ఇతర దేశములవారును చదివిరి. ఈ ముక్క మన భౌతికశాస్త్ర పాఠములలో ఒక్క వాక్యమైనను లేకపోవుట నాకు కొఱతగా తోచును.

నీటి సంగతి లోహములవలె సులభము కాదు. నీటి యణువులు ఒకదానినొకటి ఆకర్షించి పట్టుకొనియుండుటచే, వచ్చిన యుష్ణములో కొంత ఆ పట్టును సడలించుటకే ఖర్చుపడి, మిగిలినది మాత్రమే చలనమును హెచ్చించి ఉష్ణోగ్రతగా కనబడును. ఆ నీరే గడ్డకట్టి మంచైనచో విశిష్టోష్ణము సగమునకు దిగును. ఆవిరియైనను సగమునకే దిగును. ద్రవరూపమున నున్నప్పుడు మాత్రమే దానికా ఘనత.

ఇంత చదివిన పిమ్మట చేసి చూడకుండుట శోభస్కరము కాదు. ఉపాధ్యాయులకును, వేసవి సెలవులలో పిల్లలు ఇంటనున్న తల్లిదండ్రులకును ఒక మనవి. అంగడిలో దొరకు ఒక కిలో ఇనుపతూకపు రాతికి దారము కట్టి, కాగుచున్న నీటిలో పదిహేను నిమిషములు వ్రేలాడదీసి, తడి దులిపి, 30 డిగ్రీల చల్లనీరు ఒక లీటరు పోసిన గిన్నెలో చప్పున దింపుడు. 100 డిగ్రీల యినుము, 30 డిగ్రీల నీరు, రెండును చెరియొక కిలో; నడుమ 65 వద్ద కలిసికొనునని పిల్లలు చెప్పుదురు. చెప్పనిండు, కాగితముపై వ్రాసియుంచనిండు. కొంచెము కలిపి చూచినచో నీరు 37 డిగ్రీలకు అటునిటుగా మాత్రమే యుండును. ఇనుము 63 డిగ్రీలు దిగి నీటిని ఏడు డిగ్రీలే ఎత్తినది. తరువాత ఇనుమునకు బదులు ఒక లీటరు కాగిన నీటినే చల్లనీటిలో పోసి చూపినచో 65కు దగ్గఱగ వచ్చును. బడి ఉష్ణమాపకము దొరకనిచో, మొదటి పరీక్షలోని 37ను చూచుటకు ఇంటనున్న జ్వరమాపకమైనను చాలును. కాగుచున్న నీటిలోను, రెండవ పరీక్షలోను మాత్రము దానిని ముంచరాదు. అది 42 డిగ్రీల వరకు కొలుచుటకు చేసినది, పాదరసపుదైనచో పగిలిపోవును.